హజ్రత్ మూసా (అలైహిస్సలాం): నాలుక ముడి, అన్న తోడు

దివ్య ఖుర్ఆన్‌లో అందరికంటే ఎక్కువసార్లు ప్రస్తావనకు వచ్చిన ప్రవక్త హజ్రత్ మూసా (అలైహిస్సలాం). 130కి పైగా చోట్ల ఆయన పేరు కనిపిస్తుంది. ఆ పేరు వినగానే మనకు సర్పంగా మారిన చేతికర్ర, రెండుగా చీలిన సముద్రం, ఫిరౌన్ పతనం గుర్తుకొస్తాయి. పిల్లలకు కూడా మనం ఈ ఘట్టాలే చెబుతుంటాం. అయితే ఆ మహనీయుని జీవితంలో మనం అంతగా పట్టించుకోని విషయం ఒకటుంది. ఆయనకు మాట సులభంగా వచ్చేది కాదు.

నత్తితో ఇబ్బందిపడే పిల్లవాడో, పిల్లో ఉన్న ప్రతి ఇల్లూ ఈ సంగతి తెలుసుకోవాలి. నత్తి ఉన్నవారిని వెక్కిరించే అలవాటున్న మనలాంటి సమాజం మరీ తెలుసుకోవాలి. అందుకే ఆ మహాప్రవక్త జీవితాన్ని ఈ కోణం నుంచి ఒకసారి పరిశీలిద్దాం.

పుట్టుక, బాల్యం

ఇస్రాయీలు సంతతివారు ఈజిప్టులో బానిసలుగా మగ్గుతున్న కాలమది. వారి ఇళ్ళలో పుట్టిన మగపిల్లలను ఫిరౌన్ చంపిస్తున్నాడు. అలాంటి రోజుల్లో మూసా (అ) జన్మించారు. అల్లాహ్ ఆయన తల్లి మనసులో ఒక ఆలోచన కలిగించాడు. ఆమె బిడ్డను పెట్టెలో ఉంచి నదిలో వదిలేసింది. ఆ పెట్టె ఫిరౌన్ మనుషులకే దొరికింది. ఫిరౌన్ భార్య ఆ పసివాడిని చూసి ముచ్చటపడి, చంపవద్దని భర్తను వేడుకుంది. బిడ్డ ఏ దాది పాలూ తాగలేదు. ఆ పెట్టె వెంటే నడిచివచ్చిన అక్క, పాలిచ్చే ఒక ఇంటివారి గురించి చెప్పింది. అలా బిడ్డ తిరిగి కన్నతల్లి ఒడికే చేరాడు.

మూసా (అ)కు మాట్లాడటంలో ఇబ్బంది ఎలా వచ్చిందనే విషయంలో కొన్ని తఫ్సీరు గ్రంథాలు ఒక కథనాన్ని పేర్కొన్నాయి. పసితనంలో ఆయన ఫిరౌన్ గడ్డం పట్టి లాగారట. ఫిరౌన్‌కు అనుమానం వచ్చి, పరీక్షించడానికి నిప్పుకణాన్ని ముందు పెట్టించాడట. పసివాడు దాన్ని నోట్లో పెట్టుకోవడంతో నాలుక కాలిందట. ఈ కథనం ఖుర్ఆన్‌లో లేదు. ఖుర్ఆన్ కారణం చెప్పలేదు, నాలుకలో ముడి ఉందని మాత్రమే తెలిపింది. అది నేడు మనం నత్తి అంటున్నదేనా, మరో రకమైన ఇబ్బందా అనే చర్చలోకి వెళ్ళాల్సిన అవసరం లేదు. మాట్లాడటం ఆయనకు కష్టంగా ఉండేదన్న విషయం మాత్రం స్పష్టం.

మద్‌యన్‌లో ఆశ్రయం

యౌవనంలో ఉండగా ఒకనాడు ఇద్దరు పోట్లాడుకోవడం ఆయన చూశారు. తన జాతివాడు సాయం కోరగా, ఎదుటి ఖిబ్తీని ఒక్క గుద్దు గుద్దారు. అతను చనిపోయాడు. చంపాలన్నది ఆయన ఉద్దేశం కాదు. వెంటనే పశ్చాత్తాపపడి అల్లాహ్‌ను క్షమాపణ వేడుకున్నారు, అల్లాహ్ క్షమించాడు. తనను చంపడానికి సర్దారులు ఆలోచనలు చేస్తున్నారని ఒక శ్రేయోభిలాషి వచ్చి చెప్పడంతో ఆయన ఊరు విడిచి మద్‌యన్ చేరుకున్నారు.

అక్కడ బావి దగ్గర పశువుల కాపరుల రద్దీ. ఇద్దరు ఆడపిల్లలు తమ మేకలను ఆపుకుని దూరంగా నిలబడి ఉన్నారు. పరాయి ఊరు, ఆకలి, అలసట. అయినా మూసా (అ) వారి పశువులకు నీళ్ళు తోడి పెట్టి, నీడకు వెళ్ళి కూర్చుని తన అవసరాన్ని అల్లాహ్‌కు నివేదించుకున్నారు. ఆ పిల్లల తండ్రి, వృద్ధుడు, ఆయనను పిలిపించి ఆశ్రయమిచ్చారు. ఆయన బలవంతుడనీ, నమ్మకస్తుడనీ కూతురు తండ్రికి చెప్పింది. 8 సంవత్సరాలు, ఇష్టమైతే 10 సంవత్సరాలు పనిచేయాలన్న ఒప్పందంతో వివాహం జరిగింది.

ఇక్కడ తల్లిదండ్రులు గమనించాల్సిన విషయం ఉంది. ఆ ఇంటివారు అల్లుడిలో చూసింది మాట చాతుర్యం కాదు, బలం, నిజాయితీ. నేడు కాస్త నత్తి ఉందని తెలిస్తే చాలు, కుదిరిన సంబంధాలు కూడా వదులుకునేవారు మనలో ఉన్నారు.

తూర్ పర్వతం దగ్గర వేడుకోలు

గడువు పూర్తిచేసి భార్యతో తిరిగి వస్తుండగా తూర్ పర్వతం వైపు మంట కనిపించింది. అక్కడికి వెళ్ళిన మూసా (అ)తో అల్లాహ్ మాట్లాడాడు. ప్రవక్తగా ఎన్నుకుని, చేతికర్రనూ, ప్రకాశించే చేతినీ సూచనలుగా ఇచ్చి ఫిరౌన్ దగ్గరకు వెళ్ళమని ఆజ్ఞాపించాడు.

ఆ సమయంలో ఆయన తన పరిస్థితిని దాచుకోలేదు. తన ఛాతీ బిగుసుకుపోతుందనీ, నాలుక ఆడదనీ ప్రభువుకు విన్నవించుకున్నారు. నత్తి ఉన్నవారెవరైనా ఈ రెండు మాటలు వింటే తమ సంగతే చెబుతున్నట్టు అనిపిస్తుంది. మాట గొంతులోనే ఆగిపోవడం, ఊపిరి బిగబట్టినట్టు కావడం వారికి నిత్యానుభవం.

తాహా సూరాలో ఆయన చేసుకున్న దుఆను మన పెద్దలు పిల్లలకు కంఠస్థం చేయిస్తారు. అందులోని కోరికల వరుసను గమనించండి. మొదట మనసు విశాలం చేయమని కోరారు. తరువాత పని సులభం చేయమన్నారు. ఆ పైన, ప్రజలు తన మాట అర్థం చేసుకునేలా నాలుక ముడి విప్పమన్నారు. దుఆ అక్కడితో ఆగలేదు. తన కుటుంబం నుంచే ఒక సహాయకుణ్ణి, తన అన్న హారూన్‌ను ఇవ్వమనీ, ఆయన ద్వారా తన నడుమును బలపరచమనీ, తన పనిలో భాగస్వామిని చేయమనీ వేడుకున్నారు. హారూన్ (అ) తనకంటే చక్కగా మాట్లాడగలరని మరోచోట ఒప్పుకున్నారు కూడా.

ఆయన అనర్గళమైన వాక్పటిమను కోరలేదు. ఎదుటివారికి అర్థమైతే చాలన్నారు. ప్రఖ్యాత ముఫస్సిర్ ఇబ్నె కసీర్ (మరణం 1373) ఈ విషయాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించారు. అవసరమైనంత మేరకే ఆయన అడిగారనీ, అందుకే కొంత ఇబ్బంది మిగిలిపోయిందనీ వివరించారు. నాలుక పూర్తిగా బాగయ్యేదాకా ఆగి ఆ తరువాత వెళతానని మూసా (అ) అనలేదు. తోడు కోరారు, బయలుదేరారు.

ఆ కోరికలన్నీ అల్లాహ్ అంగీకరించాడు. అన్నతో ఆయన భుజాన్ని బలపరుస్తానని మాట ఇచ్చాడు. హారూన్ (అ)కు ప్రవక్త పదవి లభించింది. ఇబ్నె కసీర్ తఫ్సీరులోనే ఒక ఉల్లేఖనం ఉంది. లోకంలో తన సోదరుడికి అందరికంటే ఎక్కువ మేలు చేసిన సోదరుడెవరన్న ప్రశ్న ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి) చెవిన పడింది. అడిగిన వ్యక్తే దానికి జవాబుగా మూసా (అ) పేరు చెప్పగా, అది నిజమేనని ఆమె భావించారు.

ఫిరౌన్ దర్బారులో

అన్నదమ్ములిద్దరూ ఫిరౌన్ ఎదుట నిలబడ్డారు. అన్నకు మాట చక్కగా వచ్చు కదా, మాట్లాడే పనంతా ఆయనే చూసుకున్నారని మనం అనుకోవచ్చు. కానీ దివ్య ఖుర్ఆన్‌లోని సంభాషణ చూడండి. ప్రభువు ఎవరని ఫిరౌన్ ప్రశ్నించినప్పుడు జవాబిచ్చింది మూసా (అ). గడిచిన తరాల సంగతేమిటని అడిగినప్పుడూ ఆయనే. పిచ్చివాడని నిందించినా, జైల్లో వేయిస్తానని బెదిరించినా బదులిచ్చింది ఆయనే. మాంత్రికులతో పోటీకి పండుగ రోజును, పొద్దెక్కే వేళను నిర్ణయించిందీ ఆయనే.

హారూన్ (అ) పక్కనే ఉన్నారు. తోడుగా ఉన్నారు, తమ్ముడి మాట లాక్కోలేదు. సాయం చేయడమంటే ఎదుటివాడి పని మనమే చేసేయడం కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

వాదనలో ఓడిన ఫిరౌన్ చివరికి ఏం చేశాడు? తన ప్రజల ముందు మూసా (అ)ను అల్పుడన్నాడు, స్పష్టంగా మాట్లాడటం కూడా రానివాడని హేళన చేశాడు. బంగారు కడియాలు ఎందుకు లేవని ఎత్తిపొడిచాడు. అంటే మాట తడబాటును వెక్కిరించడం ఖుర్ఆన్ మనకు ఫిరౌన్ లక్షణంగా చూపించింది. నత్తివాడా అని పిలిచే ముందు మనం ఎవరి అడుగుజాడల్లో నడుస్తున్నామో ఆలోచించుకోవాలి. ఒకరినొకరు ఎగతాళి చేయడాన్ని, చెడ్డపేర్లతో పిలవడాన్ని హుజురాత్ సూరా స్పష్టంగా నిషేధించింది.

ఆ హేళన చేసిన నోరు సముద్రంలో మూతపడింది. ఏ నాలుకకు ముడి ఉందన్నారో ఆ నాలుక గల దాసునితో అల్లాహ్ స్వయంగా సంభాషించాడు. అందుకే ఆయనకు కలీముల్లాహ్ అనే బిరుదు. ప్రవక్తలందరిలోనూ ఈ పేరుతో ప్రసిద్ధి చెందినవారు ఆయనే.

ఆ తరువాతి జీవితం

సముద్రం దాటాక మూసా (అ) 40 రాత్రుల కోసం తూర్ పర్వతానికి వెళ్ళారు. ప్రజల బాధ్యతను అన్నకు అప్పగించారు. ఆ వ్యవధిలో ప్రజలు ఆవుదూడ విగ్రహాన్ని పూజించసాగారు. హారూన్ (అ) వారించినా వినలేదు. తిరిగివచ్చిన మూసా (అ) ఆవేశంలో అన్న తల పట్టి లాగారు. ప్రజలు తనను బలహీనుడిగా భావించి చంపబోయారని అన్న చెప్పుకోగా, తమ ఇద్దరినీ క్షమించమని అల్లాహ్‌ను వేడుకున్నారు. అన్నదమ్ముల మధ్య కోపం వచ్చింది, కానీ తోడు తెగిపోలేదు.

ఇస్రాయీలు సంతతివారు 40 సంవత్సరాలు ఎడారిలో తిరుగాడారు. మూసా (అ) సమాధి పవిత్ర భూమికి దగ్గరలో ఎర్రటి ఇసుకదిబ్బ పక్కన ఉందని హదీసులో ఉంది. ఆయన చేసిన మేలు అక్కడితో ముగియలేదు. మేరాజ్ రాత్రి మన ప్రవక్త (స)కు 50 పూటల నమాజ్ విధి కాగా, తగ్గించమని కోరేందుకు మళ్ళీ మళ్ళీ తిరిగి పంపినవారు మూసా (అ). చివరకు 5 పూటలు మిగిలాయి. మనం చేసే ప్రతి నమాజ్‌లోనూ ఆయన మాట మేలు ఉంది.

మన ఇళ్ళలో ఏం చేయాలి?

నత్తి సాధారణంగా 2 నుంచి 5 ఏళ్ళ వయసులో మొదలవుతుంది. నూటికి సుమారు 5 మంది పిల్లల్లో కనిపిస్తుంది. వారిలో ఎక్కువమందికి తగ్గిపోతుంది. పెద్దల్లో సుమారు నూటికి ఒకరికి మిగులుతుంది. మగపిల్లల్లో ఎక్కువ. తెలివి తక్కువై రాదు, పెంపకం లోపం వల్ల రాదు, మరొకరిని అనుకరించడం వల్ల రాదు. వంశపారంపర్యమూ, మెదడులో మాటను నడిపించే తీరూ దీనికి కారణాలని వైద్యులు చెబుతున్నారు. 2010లో ప్రచురితమైన ఒక పరిశోధన, పాకిస్తాన్‌లోని కుటుంబాలను పరిశీలించి, నత్తికి సంబంధించిన జన్యు మార్పులను గుర్తించింది. కనుక తల్లిని నిందించడం, పిల్లవాణ్ణి కొట్టడం, నోట్లో గులకరాళ్ళు పెట్టించడం, నాలుక కింద కోయించడం సరికాదు.

పిల్లవాడు మాట్లాడుతుంటే అతని ముఖం చూస్తూ ఓపికగా వినండి. మాట ఆగితే మీరు పూర్తిచేయకండి. నెమ్మదిగా మాట్లాడు, ఊపిరి పీల్చుకో అని పదే పదే చెప్పకండి, మీరే నెమ్మదిగా మాట్లాడండి. ఇబ్బంది ఆరు నెలలు దాటినా, పిల్లవాడు మాట్లాడటానికే వెనకాడుతున్నా స్పీచ్ థెరపిస్టుకు చూపించండి. అలీ యావర్ జంగ్ జాతీయ వాక్, శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లో ఉంది. దుఆ చేయండి, వైద్యమూ చేయించండి.

మక్తబ్ ఉస్తాదులకు ఒక మాట. నత్తి ఉన్నవారు నలుగురితో కలిసి ఒకే గొంతుగా చదివేటప్పుడు చాలావరకు తడబడరు. ఒంటరిగా నిలబెట్టి చదివించినప్పుడే ఇబ్బంది పెరుగుతుంది. అలాంటి పిల్లవాడికి మొదట తోడు ఇచ్చి చదివించండి. కష్టపడుతూ, తడబడుతూ ఖుర్ఆన్ చదివేవారికి రెండింతల పుణ్యం ఉందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఈ హదీసు ఉంది. ఆ సంగతి తరగతిలో అందరి ముందూ చెప్పండి.

పెద్దవారైన యువకుల పరిస్థితి మరీ కష్టం. తమ పేరు చెప్పుకోవడానికే భయపడతారు. ఫోను ఎత్తరు. అజాన్ ఇవ్వాలని ఉన్నా ముందుకు రారు. నికాహ్ సభలో ఖుబూల్ అనే ఒక్క మాట కోసం నెలల తరబడి కుమిలిపోతారు. ఖాజీగారూ, సభలోనివారూ కాసేపు నిశ్శబ్దంగా ఎదురుచూస్తే పోయేదేమీ లేదు. నత్తి ఉన్నవారు ఒకరినొకరు కలుసుకోవడం కూడా ఎంతో ధైర్యాన్నిస్తుంది. 2008లో ఏర్పడిన ఇండియన్ స్టామరింగ్ అసోసియేషన్ ఇలాంటి స్వయంసహాయక బృందాలను ప్రోత్సహిస్తూ వచ్చింది. 1998 నుంచి ఏటా అక్టోబర్ 22న ప్రపంచవ్యాప్తంగా నత్తి అవగాహన దినం జరుపుతున్నారు.

సోదర సోదరీమణులారా! నాలుక ముడి విప్పేవాడు అల్లాహ్ ఒక్కడే. పక్కన నిలబడటం మాత్రం మన చేతిలో ఉంది. మన ఇంట్లో, మన మస్జిదులో మాటకోసం కష్టపడుతున్న వ్యక్తికి మనం హారూన్ (అ)లా తోడవుదాం.

మాట తడబడే ప్రతి ఒక్కరి హృదయాన్నీ అల్లాహ్ విశాలపరచుగాక! వారి పనులను సులభం చేయుగాక! వారి మాటను ఓపికగా వినే భాగ్యాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.