థామస్ ఆండ్రూస్

ఐర్లాండు ఉత్తరభాగమున, బెల్‌ఫాస్టు నగరమునకు చేరువలో, కోంబరు అను చిన్న పట్టణము కలదు. 1873వ సంవత్సరము ఫిబ్రవరి 7వ తేదీన థామస్ ఆండ్రూస్ అచట ఒక సంపన్న కుటుంబమున జన్మించెను. చిన్ననాట అతనికి తేనెటీగల పెంపకమందును, క్రికెట్టు ఆటయందును మక్కువ మెండు.

పదునారవ యేట, 1889లో, అతడు బెల్‌ఫాస్టులోని హార్లండ్ అండ్ వూల్ఫ్ ఓడల నిర్మాణశాలలో పని నేర్చుకొనుటకు చేరెను. ఆ శాలకు ముఖ్యుడు అతని మేనమామయే. అయినను మేనల్లుడు తెల్లవారకమునుపే లేచి, ఆరు గంటలకు పనిలో నిలువవలసివచ్చెను. వడ్రంగులతో కొన్ని నెలలు, రంగులు వేయువారితో కొన్ని నెలలు, కమ్మరులతో కొన్ని నెలలు ఇట్లు ఐదేండ్లు గడచెను. ఓడలో ఏ మేకు ఎవరి చేతిమీదుగా పడునో ఎరిగినవాడగుటచే, తరువాత అధికారి అయినప్పుడు కూలివారు సైతము అతనిని తమవానిగా భావించిరి.

1908లో హెలెన్ బార్బరును వివాహమాడెను. 1910లో వారికి ఎలిజబెత్ అను కుమార్తె కలిగెను.

అతని పర్యవేక్షణలో సిద్ధమైన టైటానిక్ ఓడ పొడవు 882 అడుగులు. 1912 ఏప్రిల్ 10వ తేదీన అది సౌతాంప్టన్ రేవునుండి న్యూయార్కునకు బయలుదేరగా, లోపములను కనిపెట్టి సవరించుటకై ఆండ్రూస్ ఎనమండుగురు పనివారితో అందు పయనించెను. గదులలోని టోపీల కొక్కెములకు మరలు అధికముగా నున్నవని కూడ వ్రాసికొనెను. అంతటి సూక్ష్మదృష్టి అతనిది.

ఏప్రిల్ 14వ తేదీ రాత్రి 11 గంటల 40 నిమిషములకు ఓడ మంచుకొండను ఒరసికొనెను. ఆండ్రూస్ క్రిందికి దిగి పరిశీలించెను. ఓడ అడుగుభాగము 16 అరలుగా విభజింపబడియుండెను. ముందువైపు నాలుగు అరలు నిండినను ఓడ తేలగలదు. కాని నీరు అంతకు మించిన అరలలో చొచ్చెను. తన లెక్క తనకే మరణశాసనమాయెను. ఒక గంట, మహా అయిన గంటన్నర మాత్రమే ఓడ నిలుచునని అతడు కప్తానునకు తెలిపెను. ఓడలో సుమారు 2,200 మంది యుండగా, ప్రాణరక్షణ పడవలు ఇరువది. వానిలో 1,178 మందికే చోటు. అంతకన్న తక్కువ పడవలున్నను ఆనాటి చట్టము అంగీకరించెడిది! అంత పెద్ద ఓడకు అంత చిన్న చట్టము.

అప్పటినుండి ఆండ్రూస్ గది గదికి తిరిగి ప్రయాణికులను పైకి పంపుచుండెను. పరిచారికలు ప్రాణరక్షక కవచములు తొడుగుకొనుటకు సంకోచింపగా, వారిని చూచియైనను ఇతరులు తొడుగుకొందురని చెప్పి ఒప్పించెను. పడవ ఎక్కుటకు వెనుదీయు స్త్రీలను తొందరపెట్టెను. 2 గంటల 20 నిమిషములకు ఓడ మునిగెను. సుమారు 1,500 మంది మరణించిరి. ఆండ్రూస్ గాని, అతని వెంట వచ్చిన ఎనమండుగురు గాని తిరిగి రాలేదు. అతని దేహము దొరకలేదు. అప్పటికి అతని వయస్సు 39 ఏండ్లు.

కొలది దినములకు కోంబరులోని తండ్రికి అమెరికానుండి తంతివార్త అందెను. తుదివరకు అతడు పరుల క్షేమమునే చూచెనని బ్రతికివచ్చిన ఓడ ఉద్యోగులు ఏకకంఠముగ చెప్పినట్లు అందుండెను. ముసలితండ్రికి కుమారుని గూర్చి మిగిలినది ఆ వార్తయే. ఎలిజబెత్తునకు అప్పటికి రెండేండ్లయినను నిండలేదు. తండ్రి ముఖమును జ్ఞాపకముంచుకొను వయస్సు కాదు.

కోంబరు ప్రజలు అతని పేర ఒక స్మారకభవనమును నిర్మించిరి. అది 1915లో తెరువబడెను. పిమ్మట అది బడిపిల్లల ఉపయోగమునకు వచ్చెను.