షరతు పెట్టి చేరాడు!

మంచి ఆఫర్ వస్తే మీరైతే ఎగిరి గంతేస్తారు కదా? క్లిఫ్ బర్టన్ అలా చేయలేదు. 1982లో లాస్ ఏంజెలెస్‌లో అతను బేస్ గిటార్ వాయిస్తుంటే చూసి, మెటాలికా కుర్రాళ్లు తమ బ్యాండ్‌లోకి రమ్మని వెంటపడ్డారు. తాను ఊరు మారనని, కావాలంటే బ్యాండే శాన్‌ఫ్రాన్సిస్కో వైపు రావాలని తేల్చేశాడు. వాళ్లు నిజంగానే మకాం మార్చేశారు!

అంత ధీమా ఎక్కడిదంటారా? 1975లో అన్న చనిపోయాక బేస్ పట్టుకున్న క్లిఫ్ రోజుకు ఆరేసి గంటలు సాధన చేసేవాడు. సంగీతశాస్త్రమూ నేర్చుకున్నాడు. అది బ్యాండ్‌లో మిగతావాళ్లకు లేని సరుకు.

1983లో, మొదటి ఆల్బమ్‌కు ముందే, గిటారిస్ట్ డేవ్ మస్టేన్‌ను తీసేసి కిర్క్ హామెట్‌ను తెచ్చుకున్నారు. మరుసటి ఏడాది కోపెన్‌హాగన్‌లో రెండో ఆల్బమ్ ‘రైడ్ ద లైట్నింగ్’ రికార్డు చేశారు. అందులోని 8 పాటల్లో 6 పాటలకు రచయితల పేర్లలో క్లిఫ్ ఉన్నాడు. ‘ఫర్ హూమ్ ద బెల్ టోల్స్’ మొదట్లో గిటార్ అనిపించేది అతని బేసే, ఓసారి విని చూడండి. అన్నట్టు, వెళ్లిపోయిన మస్టేన్ పేరు కూడా రెండు పాటలకు ఉంది.

1986 సెప్టెంబర్ 27న స్వీడన్‌లో టూర్ బస్సు బోల్తా పడి క్లిఫ్ చనిపోయాడు. వయసు 24. ఆరు వారాలకు అతని చోట జేసన్ న్యూస్టెడ్ స్టేజీ ఎక్కాడు.