జేమ్స్ ఆన్స్‌లీ

జేమ్స్ ఆన్స్‌లీ (1715 - జనవరి 5, 1760) ఐర్లండు దేశపు ఒక ప్రభువంశానికి వారసుడనని చెప్పుకొని, తన పినతండ్రిపై న్యాయస్థానంలో పోరాడిన వ్యక్తి. బాల్యంలోనే అపహరణకు గురై, అమెరికాలోని ఆంగ్లేయుల వలసలో పన్నెండేళ్ళకు పైగా వెట్టిచాకిరీ చేశాడు. 1743లో డబ్లిన్ నగరంలో జరిగిన వ్యాజ్యంలో గెలిచినప్పటికీ, ప్రభు బిరుదును అనుభవించకుండానే మరణించాడు.

జననం, వివాదానికి మూలం

జేమ్స్ వెక్స్‌ఫర్డ్ కౌంటీలోని డన్‌మెయిన్ అనే చోట జన్మించాడు. తండ్రి ఆర్థర్ ఆన్స్‌లీ నాలుగవ ఆల్తమ్ బేరన్. ఇది ఐర్లండు బిరుదు. ఆర్థర్ భార్య మేరీ షెఫీల్డ్ బకింగ్‌హామ్ డ్యూకునకు వివాహేతర సంతానం. బేరన్ కంటె వైకౌంట్, అంతకంటె ఎర్ల్ పై హోదాలు. ఈ కుటుంబపు పెద్ద శాఖకు ఐర్లండులో వాలెన్షియా వైకౌంట్ పదవి, ఇంగ్లండులో ఆంగ్లేసీ ఎర్ల్ పదవి ఉండేవి. ఆ శాఖకు మగ సంతానం లేకపోతే అవి కూడా ఆల్తమ్ శాఖకే వస్తాయి.

జేమ్స్ ఆర్థర్ కుమారుడన్న విషయంలో పెద్దగా పేచీ లేదు. తల్లి ఎవరన్నదే ప్రశ్న. మేరీయే తల్లి అయితే అతడు వారసుడు. పినతండ్రి పక్షం వాదించినట్లు వంటయింటి పనిమనిషి జోన్ లాండీ తల్లి అయితే అతనికి ఏ హక్కూ లేదు.

అపహరణ

తల్లిదండ్రులు విడిపోయిన తరువాత తండ్రి మరొక స్త్రీతో కాపురం పెట్టాడు. ఆ ఇంట బాలునికి చోటు లేకపోయింది. డబ్లిన్ వీధులలో తిరుగుతున్న ఆ పిల్లవానిని జాన్ పర్సెల్ అనే మాంసం వ్యాపారి చేరదీశాడు. 1727 నవంబరులో తండ్రి మరణించగా పినతండ్రి రిచర్డ్ ఆల్తమ్ బేరన్ అయ్యాడు. 1728 ఏప్రిల్‌లో రిచర్డ్ మనుషులు పన్నెండేళ్ళ జేమ్స్‌ను పట్టుకొని ఓడ ఎక్కించారు. డెలావేర్‌లో అతనిని ఒప్పంద కూలీగా అమ్మివేశారు. పారిపోవడానికి ప్రయత్నించినందుకు అతని చాకిరీ కాలం పెరిగింది. 1737లో ఆంగ్లేసీ ఎర్ల్ నిస్సంతుగా మరణించడంతో ఆ పదవి కూడా రిచర్డ్‌కే దక్కింది.

1740లో జేమ్స్ తప్పించుకొని జమైకా చేరి, అడ్మిరల్ వెర్నన్ నౌకాదళంలో నావికుడుగా చేరాడు. 1741లో ఇంగ్లండు వచ్చాడు. డానియల్ మెకర్చర్ అనే స్కాట్లండు దేశస్థుడు అతని దావాకు అండగా నిలిచాడు.

1742 మే నెలలో జేమ్స్ తుపాకి పొరపాటున పేలి ఒక వ్యక్తి చనిపోయాడు. జేమ్స్‌పై హత్యానేరం మోపిన ఆ కేసుకు రిచర్డ్ ధారాళంగా డబ్బు ఖర్చు చేశాడు. ఓల్డ్ బెయిలీ న్యాయస్థానం జేమ్స్‌ను నిర్దోషిగా విడిచిపెట్టింది.

1743 నాటి వ్యాజ్యం

మీత్ కౌంటీలోని కొంత భూమి కోసం, కౌలుదారు కాంప్‌బెల్ క్రెయిగ్ పేరుమీద దావా వేశారు. భూమి హక్కును కౌలుదారు ద్వారా తేల్చుకోవడం ఆనాటి ఆంగ్ల న్యాయపద్ధతి. నవంబరు 11న డబ్లిన్ ఎక్స్‌చెకర్ న్యాయస్థానంలో మొదలైన విచారణ 25వ తేదీ వరకు సాగింది. ఒక జ్యూరీ ముందు అంతకాలం విచారణ నడవడం ఆ రోజులలో వింత. పాత సేవకులు, ఇరుగుపొరుగువారు ప్రమాణం చేసి, మేరీకి బిడ్డ పుట్టాడని కొందరు, పుట్టనే లేదని కొందరు చెప్పారు.

అన్నిటికంటె గట్టి దెబ్బ రిచర్డ్ సొంత న్యాయవాది జాన్ గిఫర్డ్ నుండి తగిలింది. జేమ్స్‌ను ఉరి తీయించగలిగితే 10,000 పౌండ్లు ఖర్చయినా ఫరవాలేదని రిచర్డ్ తనతో అన్నట్లు అతడు సాక్ష్యమిచ్చాడు. కక్షిదారు న్యాయవాదితో చెప్పినది బయటపెట్టవచ్చునా అన్న వాదం రేగగా న్యాయమూర్తులు ఆ సాక్ష్యాన్ని అనుమతించారు. సాక్ష్యచట్ట చరిత్రలో ఈ నిర్ణయం నేటికీ ప్రస్తావనకు వస్తుంది.

జ్యూరీ జేమ్స్ పక్షాన తీర్పు ఇచ్చింది. అయితే అది భూమికి సంబంధించిన తీర్పు మాత్రమే. బిరుదు సంగతి వేరుగా తేల్చుకోవాలి. రిచర్డ్ అప్పీళ్ళతో కాలం గడిపాడు. జేమ్స్ వద్ద డబ్బు లేదు. పైగా మేరీకి బిడ్డే లేడని చెప్పిన ఆమె దాసి మేరీ హీత్‌పై అబద్ధపు సాక్ష్యం కేసు పెట్టగా, 1745లో మరొక జ్యూరీ ఆమెను నిర్దోషిగా వదిలిపెట్టింది. కాబట్టి అసలు తల్లి ఎవరన్నది తేలలేదనే చెప్పాలి. అపహరణ జరిగిందన్నది మాత్రం వేరే విషయం. హక్కు లేని పిల్లవాడైతే సముద్రం దాటించవలసిన అవసరం ఏమిటన్నదే జేమ్స్ పక్షానికి పెద్ద బలం.

బిరుదుల అంతం

జేమ్స్ 1760లో మరణించాడు. అతని మగ సంతానం కూడా కొద్ది ఏళ్ళకే గతించడంతో ఆ శాఖ దావా ముగిసింది. 1761లో రిచర్డ్ చనిపోయాడు. అప్పుడు జేమ్స్‌కు ఎదురైన ప్రశ్నే రిచర్డ్ కుమారుడు ఆర్థర్‌కూ ఎదురైంది. రిచర్డ్ 1715లో ఒకరిని, ఆమె బ్రతికి ఉండగానే 1727లో మరొకరిని పెళ్ళాడాడు. ఆర్థర్ తల్లి జూలియానా డోనవాన్‌తో 1741లో రహస్యంగా వివాహం జరిగిందని ఆర్థర్ పక్షం వాదన. ఆర్థర్ 1744లో పుట్టాడు కనుక, 1752లో జరిగిన రెండవ పెళ్ళి తంతు అతనికి పనికిరాదు. ఐర్లండు ప్రభువుల సభ 1741 వివాహాన్ని నమ్మి అతనిని వాలెన్షియా వైకౌంట్‌గా గుర్తించింది. ఇంగ్లండు ప్రభువుల సభ 1771లో అది రుజువు కాలేదని తేల్చింది. ఆ విధంగా ఒకే మనిషి ఐర్లండులో సక్రమ సంతానం, ఇంగ్లండులో కాదు. ఆంగ్లేసీ ఎర్ల్ పదవి రిచర్డ్‌తోనే అంతరించినట్లయింది.

ఆర్థర్‌కు 1793లో ఐర్లండులో మౌంట్‌నోరిస్ ఎర్ల్ పదవి లభించింది. అతని కుమారుడు జార్జి 1802లో బయలుదేరి భారతదేశం, సింహళం, ఎర్రసముద్ర ప్రాంతాలు తిరిగి, 1809లో మూడు సంపుటాల యాత్రాగ్రంథం ప్రచురించాడు. జార్జి 1844లో మరణించేనాటికి కుమారులెవ్వరూ మిగలలేదు. దానితో మౌంట్‌నోరిస్ ఎర్ల్ పదవి, జేమ్స్ తనదని చెప్పుకొన్న ఆల్తమ్ బేరన్ పదవి రెండూ అంతరించాయి. వాలెన్షియా వైకౌంట్ పదవి దూరపు జ్ఞాతులకు సంక్రమించింది.

సాహిత్యంలో

టోబియాస్ స్మాలెట్ 1751లో వెలువడిన తన నవల పెరిగ్రిన్ పికిల్‌లో ఈ వ్యాజ్యాన్ని విస్తారంగా చేర్చాడు. ఆర్. ఎల్. స్టీవెన్సన్ నవల కిడ్నాప్డ్ (1886)కు ఈ ఉదంతమే ప్రేరణ అని చాలామంది భావిస్తారు.