తెలంగాణ అడవుల పక్షులకు పద్దు రాసిన డాక్టర్ సలీం అలీ

భారత పక్షి శాస్త్ర పితామహునిగా ప్రఖ్యాతి గాంచిన డాక్టర్ సలీం అలీ జీవితంలో తెలంగాణ అడవులకు ఒక విశిష్ట స్థానం ఉంది. దేశీయ సంస్థానాలలో ఆయన నిర్వహించిన పక్షి సర్వేలలో మొట్టమొదటిది హైదరాబాద్ రాజ్య సర్వే. నేటి జయశంకర్ భూపాలపల్లి జిల్లా ప్రాంతం ఆనాడు ఆ రాజ్యంలో అంతర్భాగమే. దుర్భిణి చేతబూని ఈ అడవులను సందర్శించే ప్రకృతి ప్రేమికులకు, వారికి దారి చూపే స్థానిక గైడ్లకు ఆయన జీవితం ఈనాటికీ మార్గదర్శకం.

సలీం అలీ 1896 నవంబర్ 12న బొంబాయిలో జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయిన ఆయనను మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ పెంచి పెద్ద చేశారు. బాల్యంలో ఆటతుపాకితో ఒక పిచ్చుకను కొట్టగా, దాని గొంతు మీది పసుపు మచ్చ ఆయనకు వింతగా తోచింది. అది ఏ జాతిదో తెలుసుకోవాలన్న కుతూహలం ఆయనను బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చేర్చింది. అప్పటి కార్యదర్శి మిల్లార్డ్ ఆ బాలుని ఆదరించి, సొసైటీ సేకరించి భద్రపరచిన పక్షులను చూపారు. ఆయన జీవిత గమనాన్ని నిర్దేశించిన ఘట్టమది.

కుటుంబ వ్యాపారం నిమిత్తం కొంతకాలం బర్మాలో గడిపి, 1917లో బొంబాయికి తిరిగి వచ్చారు. 1918లో తెహ్మీనాను వివాహమాడారు. విశ్వవిద్యాలయ పట్టా లేని కారణంగా జువలాజికల్ సర్వేలో ఉద్యోగం లభించలేదు. 1926లో బొంబాయిలోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో సందర్శకులకు వివరించి చెప్పే గైడ్ లెక్చరర్‌గా చేరారు. అనంతరం జర్మనీ వెళ్లి, బెర్లిన్‌లో ఎర్విన్ స్ట్రెసెమాన్ వద్ద శిక్షణ పొందారు. 1930లో స్వదేశానికి తిరిగి వచ్చేసరికి, నిధుల కొరత వల్ల ఆ ఉద్యోగమే రద్దయింది. అయినా ఆయన నిరుత్సాహపడలేదు. బొంబాయికి సమీపంలోని కిహిం తీర గ్రామంలో నివసిస్తూ గిజిగాడు గూడు అల్లే తీరును, దాని సంతానోత్పత్తి విధానాన్ని నెలల తరబడి పరిశీలించి వెలువరించిన పరిశోధన ఆయనకు పేరు తెచ్చింది.

ఈ దశలోనే ఆయన సంస్థానాధీశుల ముందు ఒక ప్రతిపాదన ఉంచారు. బస, రవాణా ఖర్చులు భరిస్తే చాలునని, తన శ్రమకు ప్రతిఫలం అవసరం లేదని తెలియజేశారు. అందుకు తొలుత ముందుకు వచ్చినది హైదరాబాద్ రాజ్యం. 1931-32లో ఆయన ఈ సర్వే నిర్వహించారు. అమ్రాబాద్ పీఠభూమి మీది మన్ననూరు, ఫరహాబాద్ మొదలుకొని గోదావరి ప్రాంతపు పాల్వంచ అడవుల వరకు గుడారాలు వేసుకుని సంచరించారు. శ్రీమతి తెహ్మీనా ఆ శిబిర జీవితంలో ఆయనకు తోడుగా నిలిచారు. బ్రిటిష్ పక్షి శాస్త్రవేత్త హ్యూ విస్లర్ వ్యాఖ్యలతో కూడిన ఈ సర్వే నివేదిక 1933, 1934 సంవత్సరాలలో సొసైటీ పత్రికలో భాగాలుగా ప్రచురితమైంది.

ఆ రోజులలో పక్షిని కాల్చి, చర్మాన్ని భద్రపరచి జాతిని నిర్ధారించడమే శాస్త్రీయ పద్ధతి. సలీం అలీ కూడా ఆ పద్ధతినే అనుసరించారు. అయితే ఆయన అంతటితో తృప్తి పడలేదు. పక్షి ఏ చెట్టును ఆశ్రయిస్తుంది, ఏమి తింటుంది, ఏ మాసంలో గూడు కడుతుంది అన్న వివరాలను కూడా నమోదు చేశారు. ఫలానా చోట, ఫలానా కాలంలో, ఫలానా పక్షి ఉన్నదని చెప్పే ఆ పద్దు ప్రాధాన్యం కాలం గడిచేకొద్దీ పెరిగింది. ఒక జాతి తగ్గిందో, పెరిగిందో, కనుమరుగైందో చెప్పాలంటే పూర్వం ఎలా ఉండేదో తెలియాలి. ఆ ఆధారం లేనిచోట పక్షి అంతరించినా ఎవరికీ తెలియదు.

కలివి కోడి చరిత్ర ఇందుకు నిదర్శనం. జెర్డాన్ అనే శస్త్రవైద్యుడు 1848లో ఈ పక్షిని శాస్త్ర లోకానికి పరిచయం చేశారు. 1870 ప్రాంతంలో భూగర్భ శాస్త్రవేత్త బ్లాన్‌ఫర్డ్ దీనిని సిరోంచ, భద్రాచలం పరిసరాలలో గుర్తించారు. సిరోంచ పట్టణం భూపాలపల్లి జిల్లాలోని కాళేశ్వరానికి నదికి ఆవలి తీరాన, నేటి మహారాష్ట్రలో ఉన్నది. 1900లో అనంతపురం సమీపంలో కనిపించిన తరువాత ఈ పక్షి జాడ తెలియలేదు. సలీం అలీతో సహా పలువురు వెదికినా ఫలితం దక్కలేదు. చివరకు 1986 జనవరిలో, కడప జిల్లా లంకమల అడవుల చేరువన, ఒక స్థానిక వేటగాని సహాయంతో సొసైటీ శాస్త్రవేత్త భరత్ భూషణ్ దీనిని తిరిగి కనుగొన్నారు. అది రాత్రి వేళ సంచరించే పక్షి. శాస్త్రజ్ఞులు 86 సంవత్సరాల పాటు కనుగొనలేని దాని ఉనికి అడవినే నమ్ముకున్న మనిషికి తెలుసు. 1988లో అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పాటైంది. అనేక సంవత్సరాల విరామం తరువాత 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ఈ పక్షి కూత మళ్లీ నమోదైంది.

సలీం అలీ 1941లో ప్రచురించిన భారతీయ పక్షుల పుస్తకం సామాన్యులకు సైతం పక్షి వీక్షణను చేరువ చేసింది. డిల్లాన్ రిప్లీతో కలిసి భారత, పాకిస్తాన్ దేశాల పక్షులపై 1968-74 మధ్య 10 సంపుటాల గ్రంథాన్ని వెలువరించారు. భరత్‌పూర్ పక్షుల అభయారణ్యం, కేరళలోని సైలెంట్ వ్యాలీ పరిరక్షణకు తన పలుకుబడిని వినియోగించారు. ప్రభుత్వం ఆయనను 1958లో పద్మభూషణ్‌తో, 1976లో పద్మవిభూషణ్‌తో సత్కరించింది. 50,000 డాలర్ల పాల్ గెట్టీ అంతర్జాతీయ బహుమతి మొత్తంలో అధిక భాగాన్ని ప్రకృతి పరిరక్షణకే అందజేశారు. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. 1987లో, 90 ఏళ్ల వయస్సులో పరమపదించారు.

ఆయన సర్వే చేసిన నాటి రాజ్యం నేడు లేదు. అడవులలోనూ ఎంతో మార్పు వచ్చింది. 1950వ దశకంలో ఏటూరునాగారం, పాకాల అభయారణ్యాలు ఏర్పడ్డాయి. భూపాలపల్లి బొగ్గు గనుల పట్టణంగా ఎదిగింది. 2016లో భూపాలపల్లి జిల్లా ఏర్పడగా, 2019లో దాని నుండి ములుగు జిల్లా విడివడింది. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవులలో వీచిన పెనుగాలులకు వేల సంఖ్యలో చెట్లు ఒక్క రోజులోనే నేలకూలాయి. ఆ చెట్ల తొర్రలలో, కొమ్మలలో గూళ్లు కట్టుకున్న పక్షులకు ఏమి జరిగిందో చెప్పగలిగేది అంతకు ముందు క్రమం తప్పక రాసి ఉంచిన వివరాలు మాత్రమే.

ఈ దృష్ట్యా, అడవికి వచ్చే ప్రతి సందర్శకుడు తాను చూసిన పక్షి పేరును, స్థలాన్ని, తేదీని నమోదు చేయడం కేవలం వినోదం కాదు. పక్షుల స్థానిక నామాలు, వాటి అలవాట్లు తెలిసిన కోయ, గొత్తికోయ గూడేల పెద్దల పరిజ్ఞానం సైతం ఆ పద్దులో చేరవలసి ఉన్నది. ఒక పిచ్చుక గొంతు మీది మచ్చను గమనించిన బాలుడు దేశానికే పక్షుల చరిత్రను అందించగలిగాడు. అదే కుతూహలాన్ని ఈ ప్రాంత బాలబాలికలలో పెంపొందించడమే డాక్టర్ సలీం అలీకి అర్పించదగిన నిజమైన నివాళి.