కొలిచి చెప్పిన పెద్దమనిషి: ఆచార్య సతీష్ ధావన్

ధర్మపురిలో ఉంటున్నామని ఉత్తరం రాస్తే, మన ఊళ్లలోని పెద్దలు గోదావరి ఒడ్డున నరసింహస్వామి వెలసిన ధర్మపురి అనుకొని, స్వామి దర్శనం బాగా అవుతున్నదా అని అడుగుతారు. మనం వచ్చి చేరింది సేలం నుండి బెంగుళూరు పోయే దారిలోని ధర్మపురి. 1965లో సేలం జిల్లా నుండి విడదీసి దీనిని జిల్లా చేశారు. 2004లో కృష్ణగిరి జిల్లా వేరుపడే వరకూ హోసూరు కూడా ఇందులోనిదే. ఆ హోసూరు దగ్గర బెలగొండపల్లిలో ఒక విమానాల కర్మాగారం, దానికి సొంత రన్‌వే ఉన్నాయి. బెంగుళూరు జాతీయ వైమానిక ప్రయోగశాలవారు రూపొందించిన రెండు సీట్ల హంస విమానాన్ని తయారుచేసింది ఆ కర్మాగారమే. ఈ సంగతి మనలో చాలమందికి తెలియదు.

ఈ విమానం ఎగరడానికి తగినదని చెప్పేది ఎవరు? ఢిల్లీలోని పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ కార్యాలయం. మంచిదే. మరి ఆ కార్యాలయానికి రెక్క ఎంత బరువు మోస్తుందో, ఇంజను ఆగిపోతే విమానం ఏమవుతుందో చెప్పేదెవరు? విమానాలు తెలిసినవారే చెప్పాలి. విమానాలు తెలిసినవారో, ఎక్కువమంది విమానాలు చేసేవారి వద్దే పనిచేస్తుంటారు. సరుకు అమ్మేవాడినే తూకం వేయమన్నట్లు ఉంటుంది వ్యవహారం. వారిని అడగకపోతే నియమాలు రాయడానికి జ్ఞానం చాలదు, అడిగితే నమ్మకం చాలదు. ఈ చిక్కులో ఒక పెద్దమనిషి ఎలా మసలుకున్నారో ఈ ఉగాది సంచికలో మన కుటుంబాలకు చెప్పాలని మా కోరిక.

సతీష్ ధావన్ గారు 1920 సెప్టెంబరు 25వ తేదీన శ్రీనగరంలో జన్మించారు. వారిది పంజాబీ కుటుంబం. పంజాబు విశ్వవిద్యాలయంలో గణితం, భౌతికశాస్త్రం చదివారు. తరువాత ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఏ. పుచ్చుకున్నారు. ఆపైన మెకానికల్ ఇంజనీరింగు! మన ఇళ్లలో ఇట్లాంటి చదువు చదువుతానంటే పిల్లవాడికి నిలకడ లేదంటాం. కొంతకాలం బెంగుళూరులోని హిందుస్థాన్ విమాన కర్మాగారంలో పనిచేసి, తరువాత అమెరికా వెళ్లారు. మిన్నెసోటాలో ఎం.ఎస్. చేసి, కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో హాన్స్ లీప్‌మన్ అనే ఆచార్యుని వద్ద 1951లో డాక్టరేటు పొందారు.

ఆ పరిశోధన గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే వారి స్వభావం అందులోనే ఉంది. విమానం పోతుంటే గాలి దాని చర్మాన్ని రాచుకొని వెనక్కు లాగుతుంది. ఈ రాపిడి ఎంత అన్నది అప్పట్లో ఎక్కువగా ఇతర కొలతల నుండి లెక్కగట్టి తేల్చేవారు. ధావన్ గారు పలక ఉపరితలంలో ఒక చిన్న ముక్కను వేరుచేసి, అది స్వేచ్ఛగా కదిలేటట్టు అమర్చి, గాలి దానిని ఎంత బలంతో లాగుతున్నదో తిన్నగా కొలిచారు. ధ్వనిని మించిన వేగాలలో కూడా కొలిచారు. ఊహించడం కంటె కొలవడం మేలన్నది వారికి ఆనాడే పట్టుబడింది.

1951లో బెంగుళూరు వచ్చి, మనవారు టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలుచుకొనే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో చేరారు. డబ్బు లేదు, పరికరాలు లేవు. ఉన్న సామానుతోనే ధ్వనిని మించిన వేగంతో గాలి వీచే చిన్న సొరంగాన్ని నిర్మించారు. అందులో పనిచేసిన కుర్రవాళ్లే తరువాత దేశంలోని విమాన, రాకెట్టు సంస్థలకు వెన్నెముక అయ్యారు. వారిలో ఒకరు రొద్దం నరసింహ గారు. రొద్దం పెనుకొండ ప్రాంతపు ఊరని అనంతపురం వారికి వేరే చెప్పనక్కరలేదు. 1962లో ధావన్ గారు ఆ సంస్థకు డైరెక్టరయ్యారు. అప్పటికి వారికి 42 ఏళ్లు. 1981 దాకా ఆ పదవిలోనే ఉన్నారు.

ఇక ఆవ్రో సంగతి. హెచ్.ఎస్. 748 అనే రెండు ఇంజన్ల విమానాన్ని ఇంగ్లండులో ఆవ్రో సంస్థ రూపొందించింది. ఆ నమూనాతో కాన్పూరులో మన దేశం విమానాలు తయారుచేసింది. మొదటిది 1961 నవంబరులో ఎగిరింది. మన చేతులతో చేసిన ప్రయాణికుల విమానమని దేశమంతా మురిసింది. వైమానిక దళం వీటిని తీసుకుంది, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కూడా తీసుకుంది. కొన్నాళ్లకు ఈ విమానం నిజంగా క్షేమమేనా అన్న సందేహం పుట్టింది. గొడవ పెద్దదై, దాని విమానయోగ్యతను పరిశీలించే భారం ధావన్ గారి మీద పడింది. సాంకేతిక పరిశీలనలో నరసింహ గారు, సంస్థలోని ఇతరులు తోడు నిలిచారు.

ఇట్లాంటి విమానం విషయంలో కీలకమైన ప్రశ్న ఒకటుంది. నేల విడిచిన మరుక్షణం ఒక ఇంజను ఆగిపోతే, రెండవదానితో విమానం పైకి ఎక్కగలదా? ఈనాటి నియమాల ప్రకారం రెండు ఇంజన్ల పెద్ద విమానం చక్రాలు ముడుచుకున్న తరువాత, ఒక్క ఇంజనుతోనే, 1000 మీటర్లు ముందుకు పోయేసరికి కనీసం 24 మీటర్లు ఎక్కగలగాలి. వినడానికి ఇది చాల తక్కువ. కాని మే నెల మధ్యాహ్నం మన నెల్లూరు ఎండను తలచుకోండి. గాలి వేడెక్కి పలచబడుతుంది. రెక్కకు పట్టు తగ్గుతుంది, ఇంజను శక్తి తగ్గుతుంది. చల్లని దేశపు లెక్కలతో కాగితం మీద ఎక్కిన విమానం మన ఎండలో అట్లాగే ఎక్కుతుందని ఎవరు చెప్పగలరు? పైగా ఒకే నమూనాతో చేసినా ఏ రెండు విమానాలూ అచ్చంగా ఒకటి కావు. ఒక అచ్చులో పోసిన ఇటుకలలోనే తేడా వస్తుంది గదా! నియమం రాసేవారు, తనిఖీ చేసేవారు ఈ తేడాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ధావన్ గారి ఇబ్బంది ఇంకొకటి. వారు తొలి ఉద్యోగం చేసింది హిందుస్థాన్ విమాన కర్మాగారంలో. ఆవ్రో తయారీ కూడా 1964 నుండి హిందుస్థాన్ ఏరోనాటిక్స్ చేతికే వచ్చింది. అక్కడ వారి సంస్థలో చదివిన ఇంజనీర్లు ఉన్నారు. స్వదేశీ విమాన పరిశ్రమ ఎదగాలని వారికంటె ఎక్కువగా కోరుకున్నవారు కొద్దిమందే. విమానం బాగాలేదంటే సొంతింటివారి నోటికాడ కూడు తీసినట్టు, బాగుందంటే ప్రయాణికుల ప్రాణాలు తమ సంతకం మీద ఆధారపడినట్టు. ఈ రెంటి మధ్య నిలబడి పరిశీలన చేశారు. వారి స్థానంలో మేమైతే ఏదో ఒక సాకు చెప్పి తప్పుకొని ఉండేవాళ్లం.

అమెరికా ఎంత పెద్ద దేశమైనా ఈ చిక్కు దానికీ తప్పలేదు. విమాన నియమాలపై సలహా చెప్పడానికి పరిశ్రమవారు, పైలట్లు, ఇతరులు కూర్చునే సంఘాన్ని అక్కడి విమానయాన శాఖ 1991లో ఏర్పాటు చేసింది. సలహా వరకు ఇది సబబే. కాని బోయింగు 737 మాక్స్ విషయంలో ఆమోదానికి సంబంధించిన పరిశీలనలో చాల భాగం కంపెనీ ఉద్యోగులకే అప్పగించారు. 2018 అక్టోబరులో ఇండోనేసియా దగ్గర, 2019 మార్చిలో ఇథియోపియాలో రెండు విమానాలు కూలి 346 మంది చనిపోయారు. సలహా చెప్పేవాడికీ తీర్పు చెప్పేవాడికీ మధ్య గోడ ఎంత ఎత్తు ఉండాలో ఆ తరువాత గాని అక్కడివారు గట్టిగా ఆలోచించలేదు.

1971 డిసెంబరులో విక్రం సారాభాయి గారు హఠాత్తుగా మరణించారు. అంతరిక్ష కార్యక్రమం భారం ధావన్ గారిని వెతుక్కుంటూ వచ్చింది. అప్పుడు వారు కాల్‌టెక్‌లో ఉన్నారు. బెంగుళూరు సంస్థ డైరెక్టరు పదవిని వదలననీ, అంతరిక్ష కార్యాలయం బెంగుళూరులోనే ఉండాలనీ షరతులు పెట్టి, 1972లో ఆ పని స్వీకరించారు. 1979 ఆగస్టు 10న మన శ్రీహరికోట నుండి వదిలిన ఎస్.ఎల్.వి. 3 సముద్రంలో పడింది. రెండవ దశ నియంత్రణ వ్యవస్థలో ఒక వాల్వు కారడం కారణం. పత్రికలవారి ముందుకు ధావన్ గారే వెళ్లి భారం తమ మీద వేసుకున్నారు. మరుసటి ఏడు జులై 18న రాకెట్టు గెలిచినప్పుడు, ఆ సభకు ప్రాజెక్టును నడిపిన కలాం గారిని పంపి తాము పక్కకు తప్పుకున్నారు. ఈ కథ అందరూ చెప్పేదే కనుక మేము పెంచడం లేదు.

1984లో అంతరిక్ష సంస్థ నుండి విరమించాక వారికి పక్షుల మీద మనసు పోయింది. గూడబాతు రెక్క ఎట్లా ఆడిస్తుంది, కొంగ నేలకు దిగేటప్పుడు వేగం ఎట్లా తగ్గించుకుంటుంది అని విమానశాస్త్రం కళ్లతోనే చూసి, పక్షుల ఎగురుడు మీద 1991లో ఒక పుస్తకం వెలువరించారు. ఏ కార్యాలయమూ ముద్ర వేయని విమానాలవి! 2002 జనవరి 3న బెంగుళూరులో కన్నుమూశారు. ఆ ఏడు సెప్టెంబరులో శ్రీహరికోట కేంద్రానికి వారి పేరు పెట్టారు.

సంక్రాంతికి ఇంటికి పోయేవారు మద్రాసు మీదుగా రైలెక్కితే సూళ్లూరుపేట దారిలోనే వస్తుంది. వీలైతే అక్కడ దిగి, నేలపట్టుకు పిల్లలను తీసుకుపోండి. ఆ రోజుల్లో గూడబాతులు చెట్ల మీద గూళ్లు కట్టుకొని ఉంటాయి. పులికాటు నీళ్ల మీద ఫ్లెమింగోలు కూడా కనబడవచ్చు. అవి దిగేటప్పుడు కాళ్లు ముందుకు చాపి రెక్కలు ఎత్తిపట్టే తీరు చూపించి, ధావన్ గారి పేరు ఒకసారి చెప్పండి.