పరీక్ష పాసయ్యాక మొదలైన చదువు

నందివెలుగు సెంటర్లో గుంటూరు బస్సు కోసం నిలబడ్డారనుకోండి. పక్కనున్నాయన ఎక్కడికని అడిగితే ఇంటికి అంటారు. ఇల్లుకి అనరు. ఎందుకనరో చెప్పమంటే మీ దగ్గర జవాబుందా? బీటెక్ ఫైనలియర్ దాకా నా దగ్గరైతే లేదు. అప్పుడు తెలుగులో మెసేజీలు తయారుచేసే చిన్న ప్రోగ్రామ్ ఒకటి రాశాను. నామవాచకం తీసుకుని చివర కి తగిలిస్తే సరిపోతుందనుకున్నాను. మీ ఇల్లుకి, మీ నోరుకి, మీ చేయికి అని వరసగా ప్రింటయ్యాయి. మా అమ్మమ్మ చూసి పడీపడీ నవ్వింది. ఆవిడ వ్యాకరణం పుస్తకం పట్టుకోలేదు ఎప్పుడూ.

సరిగ్గా ఈ చిక్కులోనే, రెండొందల ఏళ్ళ కిందట, ఉద్యోగం కోసం తెలుగు నేర్చుకుంటున్న ఓ పద్దెనిమిదేళ్ళ కుర్రాడు పడ్డాడు. పేరు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. నిఘంటువు బ్రౌన్‌గా మీకు తెలిసే ఉంటాడు. నేను చెప్పాలనుకుంటున్నది ఉద్యోగార్థి బ్రౌన్ గురించి.

1798 నవంబర్ 10న కలకత్తాలో పుట్టాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ మతాచార్యుడు, చాలా భాషలు తెలిసినవాడు. 1812లో ఆయన పోయాక కుటుంబం ఇంగ్లండ్ వెళ్ళిపోయింది. హెయిలీబరీ కాలేజీలో ఈస్టిండియా కంపెనీ కొలువుకి తయారై, 1817 ఆగస్టులో మద్రాసులో దిగాడు. అప్పటికి తెలుగు ముక్క రాదు. ఫోర్ట్ సెంట్ జార్జ్ కాలేజీలో దేశభాష నేర్చుకుని పరీక్ష పాసైతేనే జిల్లాలో పోస్టింగు. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే ప్రొబేషన్.

వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర అక్షరాలు దిద్దాడు. చేతిలో ఉన్న పుస్తకాలంటే 1814లో వచ్చిన విలియం కేరీ వ్యాకరణం, 1816లో వచ్చిన ఎ.డి. కాంబెల్ వ్యాకరణం. కాంబెల్ కష్టపడ్డాడు కానీ, ఆయన నడిచిన దారి పండితులది. ఆ దారి సంస్కృతం మీదుగా వెళ్తుంది. సంస్కృతంలో విభక్తి పదంలోనే కరిగిపోతుంది: రామః, రామం, రామేణ. తెలుగు అలా కాదు. ముందు పదం వేషం మార్చుకుంటుంది, ఆ తర్వాత ప్రత్యయం వచ్చి అతుక్కుంటుంది. ఇల్లు ఇంటి అయ్యాకే కి వస్తుంది. నోరు నోటి అవుతుంది, చేయి చేతి అవుతుంది. పదో తరగతిలో మీరు బట్టీ కొట్టిన ఔపవిభక్తికాలు ఇవే. మరి పేరు ఎందుకు పేటి కాదు? జల్లు ఎందుకు జంటి కాదు? ఊరు ఊరికి అవుతుంది సరే, మా వైపు గుంటూరుకి అనేవాళ్ళూ ఉన్నారు, గుంటూరికి అనేవాళ్ళూ ఉన్నారు. ఇది పట్టికలో పూర్తిగా పట్టదు. వినాలి.

మూడేళ్ళకి, 1820లో, బ్రౌన్ పరీక్ష పాసయ్యాడు. ఆగస్టులో కడప పోస్టింగు. మనలో చాలామందికి కథ ఇక్కడితో అయిపోతుంది. సర్టిఫికెట్ వచ్చింది, పుస్తకం అటక మీదకి. తోటి ఉద్యోగులు గుమాస్తాల మీద ఆధారపడి నెట్టుకొచ్చినా అడిగేవాళ్ళు లేరు.

కానీ రెవెన్యూ, న్యాయ శాఖల్లో పనిచేసేవాడికి విభక్తి అంటే మార్కులు కావు. రామయ్యకి డబ్బిచ్చాను, రామయ్య చేత డబ్బిప్పించాను, రామయ్య వల్ల డబ్బు పోయింది. పేరొకటే, చివర మారితే బాకీదారుడు, సాక్షి, నిందితుడు తారుమారవుతారు. ఎదురుగా నిలబడ్డ రైతు గ్రాంథికంలో మొరపెట్టుకోడు కదా.

పైగా కచేరీ తెలుగు ఇంకో రకం. జిల్లా, తాసీలు, వకీలు, అమీను అన్నీ అరబ్బీ నుంచి వచ్చినవే. అరబ్బీలో ఈ నామవాచకాలకి చివర సొంత విభక్తులుంటాయి: కర్త అయితే వకీలున్, కర్మ అయితే వకీలన్, షష్ఠి అయితే వకీలిన్. పారశీకం మీదుగా మన దగ్గరకొచ్చేసరికి ఆ తోకలు రాలిపోయాయి. మన ప్రత్యయాలు తగిలాయి: వకీలుని, వకీలుకి, జిల్లాలో. గమనించారా, బయటి మాట ఏదీ ఇల్లు లాగా వేషం మార్చదు. వకీలు వకీటి కాలేదు. బస్సు, ఫోను కూడా అంతే. చిక్కంతా ఇంట్లో వాడుకునే పాత మాటల్లోనే. (నా ప్రోగ్రామ్ ఇంగ్లిష్ మాటలతో బాగానే పనిచేసింది, అదీ కారణం.) కచేరీల్లో వాడే ఇలాంటి మాటలకి బ్రౌన్ తర్వాత ఒక నిఘంటువే వేశాడు, జిల్లా డిక్షనరీ, 1852లో.

వేమన పద్యాలు దొరకడం ఆయన చదువుని మలుపు తిప్పింది. 1829లో వాటిని ఇంగ్లిష్ అనువాదంతో అచ్చువేయించాడు. కడపలో బంగళా కొని, జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య లాంటి పండితులకి సొంత జీతంలోంచి ఇచ్చి తాళపత్రాలు సేకరించి రాయించాడు. అప్పులూ చేశాడు. ఈ భాగం అందరూ రాస్తారు, నేను వదిలేస్తున్నా.

మన గుంటూరు సంగతి మాత్రం చెప్పాలి. 1832–33లో ఇక్కడ డొక్కల కరువు వచ్చింది. గుంటూరు ప్రాంతంలో అయిదు లక్షల జనాభాలో సుమారు రెండు లక్షల మంది పోయారంటారు. ప్రభుత్వం కాగితాల్లో కొరత అని రాయమంది. అప్పుడిక్కడ పనిచేస్తున్న బ్రౌన్ కరువు అనే రాశాడు. జనం నోటి మాట ఇన్నేళ్ళుగా చెవిన పడుతున్న మనిషికి ఆ రెండింటి తేడా తెలియకుండా ఉంటుందా అనిపిస్తుంది నాకు. 1834లో పదవి కోల్పోయి ఇంగ్లండ్ చేరాడు. ముప్పై ఆరేళ్ళు. చేతిలో ఉద్యోగం లేదు, నెత్తిన అప్పులు.

అక్కడ కూర్చుని ఏడవలేదు. ఈస్టిండియా కంపెనీ లైబ్రరీలో దక్షిణాది రాతప్రతులు పడి ఉంటే వాటికి జాబితా కట్టాడు. మళ్ళీ ఇండియా వచ్చింది తెలుగు వల్ల కాదు, పారశీకం వల్ల. మద్రాసులో ప్రభుత్వ పారశీక అనువాదకుడి పని దొరికింది. పొద్దున ఆ పని, మిగతా వేళ తెలుగు. 1840లో ఆయన తెలుగు వ్యాకరణం అచ్చయింది. పద్యాల భాషతో పాటు, మాట్లాడే తెలుగునీ లెక్కలోకి తీసుకున్న పుస్తకం అది. పరీక్ష పాసై ఇరవై ఏళ్ళయింది అప్పటికి.

ఆయన తప్పులు లేనివాడేం కాదు. పాత కావ్యాల్ని తనకి తోచినట్టు దిద్దించాడని పండితులు తప్పుపట్టారు, అందులో కొంత న్యాయమే. 1852లో తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్ళకి ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు. 1865లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ప్రొఫెసర్ అయ్యాడు. 1884 డిసెంబర్ 12న అక్కడే పోయాడు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. ప్రిపరేషన్ కోసం అటు వెళ్ళినవాళ్ళు లోపలికి వెళ్ళి చూడొచ్చు.

నిఘంటువైతే ఫోన్లోనే ఫ్రీగా దొరుకుతుంది. చేయి లాంటి మాటల దగ్గర అర్థంతో ఆగకుండా, అది మారే రూపాన్ని కూడా చూపించాడు. నా ప్రోగ్రామ్‌లో తప్పు దిద్దుకోవడానికి చివరికి నేను తెరిచింది దాన్నే. వేషం మార్చే మాటలన్నీ ఒక్కొక్కటే ఏరి లిస్టు చేసుకోవడానికి రెండు వారాలు పట్టింది. అమ్మమ్మ ఇంకో పదకొండు చెప్పింది.