రాబర్టు జాక్సను జీవితము

యుద్ధమున గెలిచినవాడు ఓడినవానిని విచారణ లేకయే శిక్షించుట లోకమున ప్రాచీనమైన ఆచారము. దానిని మార్పజూచినవారిలో రాబర్టు జాక్సను ముఖ్యుడు.

ఇతడు 1892వ సంవత్సరము ఫిబ్రవరి 13వ తేదీన అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున జన్మించి, న్యూయార్కు రాష్ట్రములోని ఫ్రూస్‌బర్గు అను పల్లెలో పెరిగెను. జేమ్సుటౌనులో ఒక ప్లీడరునొద్ద పని నేర్చుకొని, ఆల్బనీ న్యాయకళాశాలలో ఒక్క సంవత్సరము మాత్రము చదివి, 1913లో ప్లీడరయ్యెను. పట్టము లేకున్నను పరిశ్రమచే వృద్ధిపొంది, 1940లో అటార్నీ జనరలును, 1941లో సుప్రీముకోర్టు న్యాయాధిపతియు నయ్యెను.

1945 మే నెలలో జర్మనీ ఓడిపోయెను. నాజీలు దాదాపు అరువదిలక్షలమంది యూదులను చంపిరి. వారి నాయకులను విచారణ లేక కాల్చివేయవలెనని కొందరు కోరిరి. తీర్పును ముందే నిశ్చయించుకొని కోర్టు పెట్టుటకంటె, కోర్టు పెట్టకుండుటయే మేలని జాక్సను తలంచెను. అధ్యక్షుడు ట్రూమను ఇతనినే అమెరికా పక్షమున ప్రధాన ప్రాసిక్యూటరుగా నియమించెను. ఆగష్టు 8వ తేదీన అమెరికా, బ్రిటను, ఫ్రాన్సు, సోవియట్టు రష్యాలు లండనులో ఒడంబడిక చేసికొనెను. నవంబరు 20వ తేదీన న్యూరెంబర్గు నగరమున విచారణ ప్రారంభమయ్యెను.

ప్రాసిక్యూటరు తీర్పరి కాడు. నేరమును రుజువుపరచుటయే అతని పని. జాక్సను సాక్షుల మాటలకంటె నాజీలే వ్రాసికొనిన దస్తావేజులను ఎక్కువగా నమ్ముకొనెను. ముద్దాయిలకును ప్లీడర్లు ఉండిరి. 1946 మార్చిలో గోరింగును ప్రశ్నించునపుడు జాక్సను ఓర్పు కోల్పోయి, తడబడెను. అయినను దస్తావేజుల సాక్ష్యము చెక్కుచెదరలేదు.

1946 అక్టోబరు 1వ తేదీన ఇరువదియిద్దరిలో పండ్రెండుగురికి ఉరియు, మువ్వురికి యావజ్జీవ కారాగారమును, నలుగురికి పరిమిత శిక్షలును విధింపబడెను. మువ్వురు విడుదలయిరి. ఈ విడుదల జాక్సనునకు ఓటమివలె కనబడవచ్చును. కాని అది నిజమైన న్యాయస్థానమని చాటినది ఆ విడుదలయే.

గెలిచినవారి తప్పులు అచ్చట విచారింపబడలేదను విమర్శ న్యాయమైనదే. జపాను నాయకుల విచారణకు టోక్యోలో కూర్చున్న మన దేశపు న్యాయాధిపతి రాధావినోద పాలు, ముద్దాయిలందరు నిర్దోషులనియే వ్రాసెను. 2002లో హేగు నగరమున స్థిరమైన అంతర్జాతీయ నేరన్యాయస్థానము ఏర్పడెను.

1954 మే 17వ తేదీన, పాఠశాలలలో వర్ణభేదము తగదను తీర్పు వెలువడునపుడు, జాక్సను వ్యాధిగ్రస్తుడై యుండియు ఆసుపత్రినుండి కోర్టునకు వచ్చి కూర్చుండెను. ఆ యేడే అక్టోబరు 9న మరణించెను.

మన కొత్తచెరువు ప్రాంతమున నీరు కరవైన యేట, రాత్రివేళ మడవ తెగినచో, విచారింపకయే ఒక పేదవాని పేరు చెప్పుట కలదు. మనుష్యుని మాట వినక తీర్పుతీర్చవచ్చునాయని నీకొదేము పరిసయ్యుల నడిగెను. మనమును ఆ ప్రశ్న నడుగ నేర్చుకొందము.